వెలుగుతో వేయు అతుకు



నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. తర్కవ్యాకరణములు చదువుకొన్న ఈ ముసలివాడు ప్లాస్టికును గూర్చియు లేజరును గూర్చియు మాటలాడుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. ఈ కథ మా తమ్ముని బోరుబావియొద్ద మొదలైనది. అచ్చటినుండియే చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా మెట్టపల్లెలలో పొలములకు కరెంటు రాత్రివేళ వచ్చుచుండెను. మోటారు వేయవలెనన్న చీకటిలో గట్లవెంబడి నడచిపోవలయును. పాము కాలిక్రింద పడునను భయ మొకటి, తడిచేతితో స్టార్టరును తాకుదుమేమోయను భయము మఱియొకటి. అందుచేత మా తమ్ముడు ఇంటినుండియే సెల్‌ఫోనుతో మోటారు వేయుటకును ఆపుటకును వీలగు చిన్న పరికరమును కొని స్టార్టరు ప్రక్కన బిగింపించెను. అఱచేతికంటె కొంచెము పెద్దదైన ప్లాస్టికు పెట్టె. నాలుగు మూలల నాలుగు స్క్రూలు. మూత అడుగున సన్నని రబ్బరు పట్టీ. రెండు వానకాలములు అది బాగుగనే పనిచేసెను. మూడవ వానకాలమున ఒకనాటి రాత్రి ఎన్నిమాఱులు ఫోను చేసినను మోటారు పలుకలేదు. వరినారు ఎండుచున్నది. తమ్ముడు టార్చిలైటు తీసికొని పోయెను. గట్టుమీద పాము కనబడెను గాని, అది తన దారిని తాను పోయెను. తెల్లవాఱిన పిదప పెట్టెను విప్పగా లోపల చీమలగూడును, పచ్చని చిలుమును, రెండు మూడు బొట్ల నీరును కనబడినవి.

పెట్టె రేకుల కప్పుక్రింద గోడకు బిగింపబడి యున్నది. వాన నేరుగా తగులదు. అట్లయ్యు నీరు లోపలికి ఎట్లు చేరెనని నాకు సందేహము కలిగెను. తరువాత తెలిసినదేమనగా, పెట్టెయును ఊపిరి పీల్చును. పగటి యెండకు లోపలి గాలి వేడెక్కి, వ్యాకోచించి, కంటికి కానరాని సందులగుండ వెలికిపోవును. సాయంకాలము చల్లని జల్లు పడగానే మిగిలిన గాలి సంకోచించి బయటి తేమగాలిని ఆ సందులగుండనే లోపలికి లాగుకొనును. ఆ తేమ రాత్రి చల్లదనమునకు బొట్లుగా మాఱును. రబ్బరు పట్టీ క్రొత్తదై మెత్తగానున్నంతకాలము సందు మూయబడియుండును. ఎండకు అది బిరుసెక్కి బీటలువాఱిన తరువాత ఉన్నను లేనట్లే. చీమకు ఆ దారి చాలును.

నా పూర్వశిష్యుడొకడు చెన్నపట్టణమునకు సమీపమున ఒక కర్మాగారములో ఇంజనీరుగా నున్నాడు. చిన్ననాడు నాయొద్ద శబ్దమంజరి వల్లెవేసినవాడు. కార్లలో అమర్చు చిన్న చిన్న ఎలక్ట్రానికు పరికరములకు ప్లాస్టికు పెట్టెలు చేసి మూతలు వేయుట వారి పని. ఇంజను ప్రక్కన ఎండకు, వానకు, బురదకు, అదురునకు ఓర్చుకొని ఏండ్ల తరబడి పనిచేయవలసిన పెట్టె లవి. మా తమ్ముని కష్టమును వినిపింపగా అతడు, "మాస్టారుగారూ, బాబాయిగారి పెట్టెకు మూత బిగించినారు. మా పెట్టెలకు మూత అతుకుదుము. రెంటికిని చాల భేద మున్నది. ఒకసారి దయచేసి చూడుడు" అనెను. నేను పోయి రెండు దినము లక్కడ ఉంటిని. ముప్పది యేండ్ల క్రిందట నాయెదుట చేతులు కట్టుకొని నిలిచినవానియెదుట నేను విద్యార్థినైతిని. అది నాకు సంతోషముగనే యుండెను.

అతుకుట మనకు క్రొత్తవిద్య కాదు. కంసాలి టంకముపెట్టి అతుకును. కమ్మరి రెండు ఇనుపముక్కలను ఎఱ్ఱగా కాచి, ఒకదానిపై నొకటి పెట్టి, సమ్మెటతో కొట్టి ఏకము చేయును. మొదటిదానిలో రెంటి నడుమ మూడవ పదార్థము చేరుచున్నది. రెండవదానిలో ఆ రెండే కలిసి ఒకటగుచున్నవి. ప్లాస్టికు పెట్టెలయందును ఈ రెండు మార్గములును కలవు. జిగురు పూసి మూతపెట్టుట మొదటి మార్గము. జిగురు ఆఱుటకు కాలము కావలయును, ఎక్కువైన లోపలికి కారును, తక్కువైన సందు విడుచును. రెండవ మార్గములో వేడిచేసి కరగించి కలుపుదురు. దీనికి వేడి తగిలిన మెత్తబడి చల్లబడిన మఱల గట్టిపడు జాతి ప్లాస్టికులే పనికివచ్చును. మన బిందెలును బకెట్లును ఆ జాతివి. పూర్వము కరెంటు స్విచ్చులకు వాడిన బేకలైటు ఒకసారి గట్టిపడిన పిమ్మట కరగనే కరగదు. దానికి ఈ అతుకు లేదు.

వేడి పెట్టుటలోనే అసలు చిక్కున్నది. కాలిన పలకకు రెండు అంచులను ఆనించి, పలకను తీసివేసి, అంచులను ఒత్తి కలుపుదురు. అప్పుడు బంకవంటి దారములు సాగును, అంచున కరగిన ప్లాస్టికు ఉబికి నిలుచును. వేఱొకచోట సెకనునకు ఇరువదివేలు మొదలు నలుబదివేల మాఱుల వఱకు అదరు కొమ్మును మూతపై ఆనించి, ఆ రాపిడివేడితో అతుకుదురు. అది చవుకయు శీఘ్రమునగు పద్ధతి. పెక్కు వస్తువులకు అదియే చాలును. కాని ఆ అదురు లోపల నుండు సన్నని తీగలకును, కాలమును లెక్కించు పలుచని స్ఫటికపు బిళ్లలకును ఒక్కొక్కప్పుడు హాని చేయును. రాపిడిచే సన్నని పొడియు రాలును. సూక్ష్మమైన పరికరము ఇమిడియున్న పెట్టెలో పొడి రాలుట కంటిలో నలుసు పడుటవంటిది. లోపలి వస్తువునకు వేడియు, అదురును, పొడియు తగులకుండ అతుకుచోట మాత్రమే నిప్పు పుట్టింపవలయును. చేయి చొరని చోట నిప్పు రగిలించుట యెట్లు?

కావ్యములలో సూర్యకాంతమణిని గూర్చి మీరు వినియుందురు. సూర్యకిరణము తగిలినంతనే అది అగ్నిని గ్రక్కునని కవులు వర్ణించిరి. పిల్లలు భూతద్దముతో ఎండను ఒకచోటికి చేర్చి ఎండుటాకును కాల్చుట చూచితిరి గదా. అద్దము చల్లగనే యుండును. క్రింది యాకు మాత్రము కాలును. ఎండ అద్దమున ఆగక దాటిపోయినది కాబట్టి అద్దము చల్లగా నున్నది. ఆకు దానిని పట్టి నిలిపినది కాబట్టి కాలినది. తేజస్సునకు ఉష్ణస్పర్శ లక్షణమని తర్కములో మేము చదివితిమి. ఆ యుష్ణము తేజస్సు నడచిన దారియందు కాక, అది ఆగినచోట మనకు తెలియుచున్నదని శిష్యుని యంత్రమును చూచిన పిదప నాకు బోధపడెను. తెల్లని పంచె కట్టుకొని ఎండలో నడచినవానికిని, నల్లని కంబళి కప్పుకొని నడచినవానికిని గల భేదమును మీరే యెఱుగుదురు.

లేజరు అనునది ఒక విధమైన వెలుగు. దీపపు వెలుగు నలుదిక్కులకు చెదరును. అందు పలురంగులు కలిసియుండును. లేజరు వెలుగు ఒకే రంగుతో, ఒకే దిక్కునకు, కట్టుగట్టి నడచినట్లు సాగును. దీనికి మూలమైన సిద్ధాంతమును ఐన్‌స్టీను 1917లో ప్రకటించెను. మెయిమన్ అను శాస్త్రజ్ఞుడు 1960 మే 16వ తేదీన అమెరికాలోని మాలిబూలో కెంపుకడ్డీతో మొదటి లేజరును వెలిగించెను. 1964లో బొగ్గుపులుసుగాలితో బలమైన లేజరును చేసినవాడు మనదేశమున బారామతిలో పుట్టిన కుమార్ పటేలు. ఆ కిరణము ప్లాస్టికును చక్కగా కోయును గాని మూతను అతుకుటకు పనికిరాదు. పెక్కు ప్లాస్టికులు దానిని పైపొరయందే పట్టివేయును గనుక, అతుకుమన్న మూతనే కోసివేయును. మూతను దాటి లోనికి పోగల కిరణము కావలయును. అట్టిది 1962లో మొదట వెలిగిన అర్ధవాహకపు లేజరు జాతిలో దొరకినది. ఈ జాతి లేజర్లు బలముగను చవుకగను దొరకసాగిన తరువాతనే, 1990 దశాబ్దపు చివరి భాగమున, ఈ అతుకు కర్మాగారములలో వ్యాపించినది.

ఆ కిరణమును మనకన్ను చూడజాలదు. వెలుగు అలల నిడివిని నానోమీటర్లలో కొలుతురు. మిల్లిమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. మనకు కనబడు వెలుగు ఇంచుమించు 400 మొదలు 700 వఱకు. అతుకునకు వాడు కిరణము 800 మొదలు 1,000 వఱకు, లేక కొంచెము పైన. ఎఱుపునకు ఆవల నున్నది. ఈ జాతి వెలుగు మీ యిండ్లలోను కలదు. టీవీ రిమోటును నొక్కినప్పుడు దాని కొననుండి పోవునది ఇదియే.

మా శిష్యుడు నాకు చేసి చూపిన మొదటి ప్రయోగము దీనితోనే. భోజనమైన పిదప రెండు ప్లాస్టికు మూతలను నాచేతి కిచ్చెను. రెండును కాకినలుపు. దీపమునకు అడ్డుపెట్టి చూచితిని. రెంటిలోనుండియు వెలుగు రాలేదు. ఒకదానిని రిమోటుముందు పెట్టి నొక్కుమనెను. టీవీ మ్రోగెను. రెండవదానిని పెట్టి నొక్కితిని. ఎంత నొక్కినను చలనము లేదు. నాకన్నులు రెంటిని ఒకటేయని సాక్ష్యము చెప్పుచున్నవి, రిమోటు కాదనుచున్నది. ప్రత్యక్షము ప్రమాణములలో మొదటిదని ఎన్నియో యేండ్లు బోధించిన నేను కొంతసేపు మాటలాడలేదు. మొదటి మూతకు వేసిన నల్లరంగు కనబడు వెలుగును మాత్రమే ఆపి, ఆవలి కిరణమును పోనిచ్చునట్టిది. రెండవదానిలో కలిపినది మసి. మనము ఆముదపు దీపమునకు పళ్లెము బోర్లించి పట్టెడు కాటుక యెట్టిదో, ఇంచుమించు అట్టిదే. నూఱుపాళ్ల ప్లాస్టికులో అరపాలో, అంతకు తక్కువయో కలిపిన చాలును, ఆ కిరణము పైపొరలోనే ఆగిపోవును.

ఇక అతుకు రహస్యము మీకు తెలిసిపోయినట్లే. పెట్టె అడుగుభాగమును మసి కలిపిన ప్లాస్టికుతో పోయుదురు. మూతను కిరణము దాటిపోవు ప్లాస్టికుతో పోయుదురు. రెంటిని ఒకదానిపై నొకటి అమర్చి, గట్టిగా నొక్కిపట్టి, పైనుండి కిరణమును విడుతురు. కిరణము మూతను దాటి, అడుగుభాగపు అంచును తాకి, అక్కడ ఆగి, వేడియగును. ఆ యంచు కరగును. కరగిన యంచు పైనున్న మూతను తాకియున్నది గనుక ఆ వేడి మూత అడుగుపొరకును ప్రాకి దానినికూడ కరగించును. గడపమీద పెట్టిన దీపము లోగదిని, వాకిటిని గూడ వెలిగించునని దేహళీదీపన్యాయము చెప్పుదురు. ఇదియు నట్టిదే. ప్లాస్టికు అణువులు పొడుగాటి పోగులవంటివి. రెండు వైపులనుండియు కరగిన పోగులు ఒకదానిలో నొకటి చొచ్చుకొని, చల్లబడినప్పుడు పేనిన త్రాటివలె పెనవేసికొని నిలుచును. నడుమ మూడవ పదార్థము లేదు. మూత పైభాగము చేతితో తాకిన చల్లగనే యుండెను.

దీనికి ఎంతటి బలము కావలెనో యని నేననుకొంటిని. నేను చూచిన యంత్రపు కిరణము బలము ఏబది వాట్లు. మన యింటి సీలింగు పంకా సాధారణముగా ఇంతకంటె ఎక్కువ కరెంటు త్రాగును. చమత్కారమంతయు దానిని ఇముడ్చుటలో నున్నది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక చదరపు మీటరుమీద ఇంచుమించు వేయి వాట్లు. అనగా ఒక చదరపు మిల్లిమీటరునకు వాటులో వేయవ వంతు. ఈ ఏబది వాట్లను రెండు మిల్లిమీటర్ల అడ్డుకొలత గల చుక్కలో ఇముడ్చుదురు. లెక్కవేసి చూచినచో ఒక్కొక్క చదరపు మిల్లిమీటరునకు పదునాఱు వాట్లు పడును. అది మధ్యాహ్నపు ఎండకు పదునాఱువేల రెట్లు.

కిరణము ఒకే చుక్క. అతుకవలసినది చుట్టుకొలత అంతయు. ఒకమాఱు నెమ్మదిగా చుట్టివచ్చుట ఒక పద్ధతి. కాని ముందు కరగినచోటు గట్టిపడుచుండగా వెనుకచోటు కరగును గనుక మూత సమముగా దిగదు. ఇక్కడ వాడు పద్ధతి వేఱు. చిన్న మోటార్లమీద కదలు రెండు అద్దములు కిరణమును మూత అంచువెంట మహావేగముతో త్రిప్పును. కొన్ని సెకనులలో పదులకొలది చుట్లు తిరుగును. కొఱవిని గిరగిర త్రిప్పిన కంటికి నిప్పుచక్రముగా కనబడును. దానిని మన పెద్దలు అలాతచక్ర మనిరి. ఆ చక్రము కంటికి భ్రాంతి. ఇచ్చట మాత్రము భ్రాంతి కాదు. ఒకచోటు చల్లబడులోపల కిరణము మఱల వచ్చి తాకుటచే అంచంతయు నిజముగనే ఒక్కసారి మెత్తబడును. మెత్తబడగానే మూత పైనున్న ఒత్తిడికి మిల్లిమీటరులో కొన్ని పదవ వంతులు క్రిందికి దిగును. అంచులో నుండు చిన్న చిన్న ఎగుడుదిగుడు లన్నియు అంతటితో సర్దుకొనును. ఎంత దిగెనో యంత్రము కొలుచుచుండును. అనుకొన్నంత దిగగానే కిరణ మాగును. కరగినది లోపలికి ఉబుకకుండ అంచుప్రక్క చిన్న కాలువను ముందే విడిచియుందురు.

పెట్టె పుట్టిన పిదప అంతయు సులభమే యని మీ రనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొని నా ముక్కుపొడుము డబ్బీని తీసితిని. రెండు రేణువులు పరీక్షకొఱకు పెట్టిన చెడుముక్క అంచుమీద పడినవి. శిష్యుడు చిఱునవ్వు నవ్వి, "ఉండనిండు, ఏమగునో చూతము" అని దానిపైననే మూతపెట్టి కిరణమును విడిచెను. చిటుక్కున ఒక తెల్లని మిణుగురు, కమురుకంపు, అంచున నువ్వుగింజంత నల్లని గుంట, దానిచుట్టు బుడగలు. పొడుము కిరణమును మసికంటె ముందుగా పట్టి కాలినది. వ్రేలి జిడ్డైనను ఇంతే. అందుచేతనే అక్కడివారు చేతులకు తొడుగులు లేక ముక్కను తాకరు. అతుకుటకు ముందు అంచుమీది దుమ్మును ఊదివేయుదురు. ఈ పద్ధతి శుభ్రమైనదని చెప్పుదురు. నిజమే, అది క్రొత్తగా పొడి పుట్టింపదు. కాని మనము తెచ్చిపెట్టిన మురికిని అది క్షమింపదు.

మఱియొక శత్రువు సందు. రెండు అంచుల నడుమ కాగితపు మందము, అనగా మిల్లిమీటరులో పదవ వంతు, ఎడమున్నను వేడి పైకి ప్రాకజాలదు, గాలి అడ్డు. అప్పుడు అడుగుభాగము మాడును, మూత ఎఱుగనే ఎఱుగదు. మూసలో పోసిన ప్లాస్టికు చల్లబడునప్పుడు కొంచెము వంకరలు పోవుట సహజము గాన, బలముగా నొక్కిపట్టుట తప్పదు. నైలానువంటివి తేమను పీల్చుకొనియుండును. ఆరబెట్టక అతికినచో ఆ తేమ ఆవిరియై బుడగలు కట్టును. గట్టితనమునకై గాజుపోగులు కలిపిన ప్లాస్టికులో కిరణము పొగమంచులో దీపమువలె చెదరిపోవును. తెల్లని మూతయైన ఇంకను కష్టము. తెలుపుకొఱకు కలుపు పొడి కిరణమును వెనుకకు చిమ్మును. రెండు భాగములును ఒకే జాతివో, లేక కలియగల జాతులవో కావలయును. నైలానును పాలిప్రొపిలీనుతో అతుకబోయిన అది నీటిని నూనెతో కలుపబోయినట్లే. అన్నిటికంటె మోసకరమైనది వేడి చాలని అతుకు. అది కంటికి చక్కగనే కనబడును. గోటితో లేపిన ఊడివచ్చును.

కాబట్టి అతికిన పెట్టెలను పరీక్షింపవలయును. స్వచ్ఛమైన మూతగల నమూనాలో అతుకు కుదిరినచోటు తడిసిన నల్లరాయివలె నిగనిగలాడుచు కనబడెను. కుదురనిచోటు బూడిదరంగుగా నుండెను. ఒకదానిని పట్టకారుతో విఱుచుమనిరి. అతుకు ఊడలేదు, ప్రక్కగోడ పగిలినది. మఱియొకదానిలోనికి గాలిని ఎక్కించి నీట ముంచిరి. సైకిలు ట్యూబు పంక్చరు చూచుట నాకు జ్ఞప్తికి వచ్చెను, బుడగ రాలేదు. మీరు ఏదైన పరికరమును కొనునప్పుడు దానిపై ఐపీ అను అక్షరములును రెండు అంకెలును వ్రాసియున్నవేమో చూడుడు. 67 అని యున్నచో, మొదటి ఆఱు దుమ్ము బొత్తిగా చొరదనియు, తరువాతి ఏడు ఒక మీటరు లోతు నీటిలో అరగంట యుంచినను హానికరముగా నీరు చొరదనియు అర్థము. పెట్టె ఎంత చక్కగా అతికినదైనను తీగ లోనికి పోవు రంధ్రము సరిగా మూయనిచో ఫలము లేదు. తీగను పైనుండి తేక, క్రిందికి వ్రేలాడదీసి అడుగునుండి లోనికి పంపినచో, తీగవెంట జాఱు నీరు ఆ వంపున రాలిపోవును.

ఆ కిరణమును గూర్చి ఒక హెచ్చరిక చెప్పవలయును. అది కనబడదు గనుక కన్ను రెప్పవేయదు. సూర్యుని చూచిన తటాలున తల త్రిప్పుకొందుము. దీనికి ఆ రక్షణ లేదు. చూపు చెడిన తరువాతనే తెలియును. అందుచేత యంత్రమంతయు తలుపులు గల గూటిలో నుండును. తలుపు కొంచెము తెఱచినను కిరణము ఆగిపోవును.

రెండవనాటి సాయంకాలము నేను శిష్యుని అడిగితిని. "నాయనా, మా తమ్ముని పెట్టెకు ఇట్టి అతుకు వేయింపరాదా?" అతడు రెండు సమాధానములు చెప్పెను. యంత్రము వెల లక్షలలో నుండును. ప్రతి ఆకారమునకును వేఱు మూస, వేఱు పట్టుగూడు కావలయును. లక్షలకొలది పెట్టెలు అతికినగాని గిట్టదు. ఇది మొదటిది. రెండవది అతడు కొంచెము ఆలోచించి చెప్పెను. "మాస్టారుగారూ, అతికిన తరువాత దానిని విప్పుటకు వీలులేదు. కోసివేయవలసినదే."

నా మనస్సు అక్కడనే నిలిచిపోయినది. కారు ఇంజను ప్రక్కన ఇమిడి, లోపల మార్చదగిన వస్తువేదియు లేక, పది పదునైదేండ్లు పనిచేసి, చెడిన మొత్తముగా మార్చబడు పరికరమునకు ఈ అతుకు ఉత్తమమని ఒప్పుకొందును. శరీరమునకు తగిలించుకొను వైద్యపరికరములకును అంతే. కాని లోపల ఫ్యూజో, బ్యాటరీయో, రిలేయో ఉండి, అవి ఏదో యొకనాడు చెడునని ముందే తెలిసిన పెట్టెను అతికివేయుట నాకు నచ్చలేదు. నీరు చొరనిచో చెడుట అరుదని శిష్యుడు వాదించెను. నీరు రాకున్నను పిడుగు తీగవెంట వచ్చును గదా యని నేనంటిని. మా యూరి పొలములలో ప్రతి వేసవి చివరను ఉఱుములవానకు రెండు మూడు పరికరములైన పోవుచుండును. ఇరువది రూపాయల వస్తువు మాడినందులకు వేలరూపాయల పెట్టెను పాఱవేయవలసివచ్చిన రైతు ఏమనును? పైగా అతికిన పెట్టెలో ప్లాస్టికును, రాగిని, సీసమును ఎవరు విడదీయుదురు? ఆ పెట్టె అట్లే చెత్తకుప్పలో పడును. శిష్యుడు దీనికి కాదనలేదు. కొన్ని పెట్టెలలో ఎలక్ట్రానికు పలకయున్న గదిని మాత్రము అతికి, బ్యాటరీయుండు గదికి స్క్రూల మూత విడుచుట గలదని చెప్పెను. అది నాకు సమంజసముగా తోచినది.

నేను ఇంటికి వచ్చునప్పటికి తమ్ముడు తన పెట్టెను విప్పి, చీమలను దులిపి, పలకను బట్టల బ్రష్షుతో తుడిచి, రెండుదినములు ఎండబెట్టియుండెను. పట్టణమునుండి క్రొత్త రబ్బరు పట్టీని, చెడిన రిలేకు బదులు మఱియొకదానిని తెప్పించి రేడియోలు బాగుచేయు కుఱ్ఱవానిచేత వేయించెను. తీగలను నేను చెప్పినట్లు క్రిందికి వంచితిమి. పెట్టె మఱల పనిచేసెను. పట్టీని మాత్రము రెండు వానకాలముల కొకసారి మార్చవలెనని గోడమీద బొగ్గుతో తేదీ వ్రాసితిని.

శిష్యుడు జ్ఞాపకార్థముగా నా కొక అతికిన పెట్టె నిచ్చియుండెను. నలుపుమీద నలుపు, గీటైనను కానరాదు. దానిని తమ్ముని చేతిలో పెట్టితిని. అతడు వెలుతురునకు పట్టి, తిరగవేసి, బోర్లించి, గోటితో అంచు తడవి చూచి, చివరకు, "అంతయు బాగున్నది గాని అన్నయ్యా, స్క్రూ లెక్కడ?" అని అడిగెను.